ఊరవతలి బడి – 14: రెండో ఇంటిపేరు



పోయిన భాగం సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ మీద రాశాను. అది చదివి ముగ్గురు విద్యార్థులు వేరువేరుగా ఒకే ప్రశ్న పంపారు. "అక్కా, హాస్టల్ సంగతి సరే. రెసిడెన్షియల్ బడుల్లో హౌస్ సిస్టం ఉంటది కదా, అది మనకు మేలు చేసిందా, కీడు చేసిందా?" ముగ్గురూ నవోదయలో చదివినవాళ్ళే. ఒకతనైతే డిగ్రీ మూడో సంవత్సరంలో ఉండి కూడా తన పేరు కింద "నీలగిరి సీనియర్" అని రాసుకుంటున్నాడు. చూసి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచనలో పడ్డాను. తాను చదివిన సెక్షన్ పేరును ఇట్లా పదేళ్ళు మోసినవాళ్ళు నాకెవరూ తెలియదు. హౌస్ పేరును మాత్రం మోస్తారు.

నా మాట ముందే చెప్పేస్తాను. హౌస్ మనకు పనికొచ్చేదే, దాన్ని వదులుకోకూడదు. కానీ రంగు టీషర్టు చూసి మురిసిపోవద్దు. ఆ హౌస్ లోపల పని ఎవరికి పంచుతున్నారు, పెత్తనం ఎవరికి పంచుతున్నారు అన్నది అడగాలి. మిగతాదంతా దీనికి వివరణే.

తెలుగులో మనకు ఇంటిపేరు అనే మాట ఉంది. ఇంటికి పేరు. పైకి ఎంత అమాయకంగా ఉంటుందో! ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టాఫ్ రూమ్‌లో మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరేంటి మేడమ్?" చెప్పాను. ఆ ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉండటంతో పాపం ఆయనకు తెగలేదు. "ఏ ఊరు?" అన్నాడు. చెప్పాను. "ఊళ్ళో ఎటు పక్క?" అన్నాడు. అప్పుడు చెప్పాను, ఎటు పక్కో. మన భాషలో ఇల్లు అడగడమంటే కులం అడగడం. పుట్టుకతో వచ్చేది, దాచినా దాగనిది, పెళ్ళయితే ఆడపిల్లకు మారేది, కానీ కులం గీత మాత్రం దాటనిది.

ఇప్పుడు పదేళ్ళ పిల్ల ఒకతె పరీక్ష రాసి, వాడ నుంచి ట్రంకు పెట్టె పట్టుకుని ఆరో తరగతిలో చేరుతుంది. మొదటి రోజే ఆమెకు ఇంకో ఇంటిపేరు ఇస్తారు. ఆరావళి. లేకపోతే నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. పక్క మంచం పిల్లదీ అదే ఇంటిపేరు. ఆ పిల్ల నాన్నకు పది ఎకరాల మాగాణి ఉండొచ్చు, ఈ పిల్ల నాన్న అదే మాగాణిలో కూలి చేస్తుండొచ్చు. కానీ ఖోఖో మైదానంలో ఇద్దరూ ఒకే రంగు. బయటివాళ్ళకు ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఎవరైనా తనను "మా వాళ్ళు" అని పిలవడం, ఆ పిలుపులో పుట్టుక ప్రసక్తి లేకపోవడం, ఇది బతుకులో మొదటిసారి జరిగితే ఎట్లా ఉంటుందో మన పిల్లలకే తెలుసు. ఆ అబ్బాయి నీలగిరిని ఎందుకు మోస్తున్నాడో నాకు అర్థమైంది.

మా ఊళ్ళో వరసకు అక్క అయ్యే ఒకామె కూతురికి ఈ మధ్యే ఇట్లాంటి బడిలో సీటొచ్చింది. చేర్పించి వచ్చి ఫోన్ చేసింది. "శివాలిక్ల ఏసిన్రట చెల్లె. ఆ శివాలిక్ అంటే ఏమోళ్ళు? మంచోళ్ళేనా?" అదొక కొండల వరస అక్కా, హిమాలయాల కింద ఉంటుంది అన్నాను. "గంతేనా" అని ఊపిరి పీల్చుకుంది.

ఈ సిస్టం ఎక్కడిదో కూడా తెలుసుకోవాలి. ఇంగ్లాండులో ధనికుల బడుల్లో పిల్లలు పెరిగి, పడుకోవడానికి బడి గదులు చాలక, ఊళ్ళో టీచర్ల ఇళ్ళల్లో, పూటకూళ్ళమ్మల్లాంటి ఆడవాళ్ళ ఇళ్ళల్లో ఉండేవారు. అందుకే దానికి హౌస్ అని పేరు. తర్వాత 1828 నుంచి 1842 దాకా రగ్బీ స్కూలు హెడ్‌మాస్టర్‌గా ఉన్న థామస్ ఆర్నాల్డ్, చిన్న పిల్లల మీద పెద్ద పిల్లలకు అధికారం ఇచ్చే పద్ధతిని గట్టిపరిచాడు. హౌస్ కెప్టెన్, ప్రిఫెక్ట్ అని మనం ఈరోజు పిల్లల చొక్కాలకు తగిలించే బిళ్ళల వెనక ఆ చరిత్ర ఉంది. సామ్రాజ్యాన్ని ఏలబోయే మగపిల్లలకు పెత్తనం చెలాయించడంలో తర్ఫీదు.

మన దేశానికి వచ్చేసరికి దీనికి జరిగిన సంగతి ఇంకా బాగుంటుంది. 1875లో అజ్మీర్‌లో రాజకుమారుల కోసం మేయో కాలేజీ పెట్టారు. అక్కడ హౌసులను సంస్థానాలే కట్టించాయి. జైపూర్ హౌస్‌లో జైపూర్ వాళ్ళు, జోధ్‌పూర్ హౌస్‌లో జోధ్‌పూర్ వాళ్ళు. నౌకర్లను వెంటబెట్టుకుని మరీ వచ్చేవారు. అంటే హౌస్ అక్కడ అచ్చంగా మన ఇంటిపేరే! పుట్టిన ఇల్లే బళ్ళో కూడా ఇల్లు. మన హైదరాబాదులోనూ 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం జాగీర్దార్ కాలేజీ పుట్టింది. జాగీర్లు పోయాక 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. పబ్లిక్ అనే మాటలో మనం లేము అని వేరే చెప్పాలా.

(హ్యారీ పాటర్ అభిమానులు కోప్పడకండి. ఆ మంత్రాల బళ్ళో కూడా టోపీ ఒకటి పిల్లల్ని హౌసులకు పంచుతుంది. వీస్లీ ఇంట్లో పుట్టిన పిల్లలంతా ఒకే హౌస్‌లో పడతారు. స్వచ్ఛమైన రక్తం ఉన్నవాళ్ళకే చదువు చెప్పాలన్న ఆయన పేరు మీద ఇంకో హౌస్ ఉంటుంది. చదువుతుంటే నాకేమీ విదేశీ కథలా అనిపించలేదు.)

ఈ పుట్టుక ముడి తెగింది నవోదయల్లో. దాని వెనక మన ప్రాంతపు ముచ్చట కూడా ఒకటుంది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు. 1985లో ఆయన కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యాక, జిల్లాకొక నవోదయ అనే ఆలోచన వచ్చింది, 1986 జాతీయ విద్యా విధానంలోకి ఎక్కింది. పి.వి. రాజకీయాలతో నాకు పేచీలున్నాయి, అవి వేరే భాగంలో. కానీ ఈ బడి నమూనాలో నాలుగు సంగతులు ఒప్పుకోవాలి. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకు. జిల్లా జనాభాను బట్టి ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్, అది 15, 7.5 శాతాలకు తగ్గకుండా. మూడో వంతు తగ్గకుండా ఆడపిల్లలు. ఆరు నుంచి పన్నెండు దాకా అబ్బాయిలు, అమ్మాయిలు ఒకే బడి. మేయో కాలేజీ వస్తువును తీసుకొచ్చి కూలోళ్ళ పిల్లల చేతిలో పెట్టినట్టు. అక్కడ హౌస్ ఎవరికి ఏది అన్నది తాత ఎవరన్న దాన్ని బట్టి తేలదు.

కొండల పేర్ల మీద కూడా ఒక మాట. కొందరు మిత్రులు అంటుంటారు, ఈ పేర్లలో మనం లేము అని. నిజమే. నీలగిరి అంటే తోడాలు, ఇరుళలు. ఆరావళి అంటే భిల్లులు. ఆ ముక్క ఏ హౌస్ బోర్డు మీదా రాయరు. అయినా నాకు కొండలే నయం అనిపిస్తుంది. ప్రైవేటు బడుల్లో గాంధీ హౌస్, నెహ్రూ హౌస్, టాగూర్ హౌస్, తిలక్ హౌస్ అని చూస్తుంటాను. అంబేడ్కర్ హౌస్ ఉన్న ప్రైవేటు బడి నా కంట పడలేదు. సావిత్రీబాయి హౌస్ సంగతి అడగనే వద్దు. వాళ్ళ మహానుభావుల జాబితా కన్నా రాళ్ళూ చెట్లే మనకు ఎక్కువ నిజాయితీగా ఉన్నాయి.

ఇక అసలు సంగతి. పేరు ఒకటైతే సరిపోతుందా?

1924, 25 ప్రాంతంలో తమిళనాడు చేరన్‌మహాదేవిలో వి.వి.ఎస్. అయ్యర్ నడిపిన గురుకులం గొడవ గుర్తు చేసుకోండి. జాతీయ భావాలు నేర్పే బడి అన్నారు, కాంగ్రెస్ డబ్బిచ్చింది. తీరా చూస్తే ఇద్దరు బ్రాహ్మణ పిల్లలకు విడిగా భోజనం. పెరియార్, వరదరాజులు నాయుడు దాని మీద పెద్ద పోరాటమే చేశారు. పెరియార్ కాంగ్రెస్ నుంచి బయటికి నడిచిన దారిలో ఆ విస్తరాకులు కూడా ఉన్నాయి. ఒకే బడి, ఒకే ప్రార్థన, ఒకే దేశభక్తి పాట. తేడా అంతా అన్నం దగ్గర బయటపడింది. ఈరోజు మెస్‌లో విడి విస్తరి వేసే ధైర్యం ఎవరూ చెయ్యరు. అందుకని తేడా చీపురు దగ్గరికి జరిగింది.

నేను చదివిన రెసిడెన్షియల్ బడి పేరు చెప్పను. కో-ఎడ్, నాలుగు హౌసులు, ప్రతి శనివారం శుభ్రతకు మార్కులు. గోడ మీద డ్యూటీ చార్టు ఉండేది. అందులో బాత్రూముల వరసలో మా నలుగురి పేర్లు చాలా వారాలు కదలలేదు. మేడమ్ తిట్టేది కాదు, కొట్టేది కాదు. "వీళ్ళు బాగా చేస్తారు, వీళ్ళ చేతిలో పెడితే మనకు ఫస్టే" అని అందరి ముందూ మెచ్చుకునేది. ఆ మెప్పుకు మేము పొంగిపోయేవాళ్ళం. స్కాలర్‌షిప్ ఫారాలు నింపే రోజు "ఎస్సీ వాళ్ళు లేవండి" అంటే మా హౌస్‌లో లేచింది ఆ నలుగురమే. హౌస్‌కు ట్రోఫీ వచ్చింది. అందుకునేందుకు వేదిక ఎక్కింది కెప్టెన్. ఆ అమ్మాయి ఒక్క శనివారం కూడా చీపురు పట్టలేదు.

ఓంప్రకాశ్ వాల్మీకి 'జూఠన్'లో హెడ్‌మాస్టర్ ఆయన చేత రోజుల తరబడి బడి ఊడిపించిన సంగతి ఉంది. చదివినవాళ్ళకు తెలుసు. అక్కడ తిట్టి ఊడిపించారు. మా దగ్గర మెచ్చుకుని ఊడిపించారు, హౌస్ గౌరవం పేరు మీద. ఈ రెండో పద్ధతిని పట్టుకోవడం కష్టం. తిడితే కంప్లెయింట్ రాయొచ్చు. మెచ్చుకుంటే ఏమని రాస్తావు?

హౌస్ సిస్టంలో ఉన్న ప్రమాదం ఇదే. "మన హౌస్" అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో, లోపలి తేడాలను అడగనివ్వకుండా నోరు మూయడానికి అంత బాగా పనికొస్తుంది. అడిగితే "హౌస్ స్పిరిట్ లేదు" అంటారు. పెద్దయ్యాక ఇదే మాటకు దేశం అని, మతం అని పేర్లు మారతాయి.

కెప్టెన్ విషయం చూడండి. ఎలా ఎంచుతారు? "లీడర్‌షిప్ లక్షణాలు ఉండాలి" అంటారు. ఆ లక్షణాలేమిటంటే ఇంగ్లీషు ధాటిగా మాట్లాడాలి, స్టేజీ మీద బెరుకు ఉండకూడదు, హౌస్ మాస్టర్‌తో చనువుగా ఉండాలి. ఈ మూడూ ఇంటి నుంచి వచ్చేవే. అంటే తలుపు దగ్గర వదిలేశామనుకున్న పాత ఇంటిపేరు కిటికీలోంచి దూరి బ్యాడ్జీ పెట్టుకుంటుంది. మన పిల్లవాడికి ఏమిస్తారు? స్పోర్ట్స్ కెప్టెన్. పరుగెత్తగలడు కదా! ఒళ్ళు వంచే పదవి మనకు, నోరు వాడే పదవి వాళ్ళకు. నవ్వులాటకు అనడం లేదు. మీ మీ బడుల్లో గత ఐదారేళ్ళ జాబితా గుర్తు చేసుకుని చూడండి.

ఆడపిల్లల దగ్గర ఇది ఇంకో మెలిక తిరుగుతుంది. మిక్స్‌డ్ స్కూల్ అంటారు గానీ, హౌస్ పనుల్లో మిక్స్ అయ్యేది తక్కువ. అతిథి వస్తే బొట్టు పళ్ళెం అమ్మాయిలు, ముగ్గు అమ్మాయిలు, స్వాగత గీతం అమ్మాయిలు. మైకు అబ్బాయి. ఆ పళ్ళెం పట్టే అమ్మాయిలను ఎంచేటప్పుడు "చూడ్డానికి బాగుండాలి" అనే మాట వినిపిస్తుంది. బాగుండటం అంటే రంగు అని ఆరో తరగతి పిల్లకు కూడా తెలుసు. నల్లగా ఉన్న మన పిల్ల బాత్రూమ్ చార్టులో ఉంటుంది, పళ్ళెం వరసలో ఉండదు. ఆ పళ్ళెం మీద నాకేమీ మోజు లేదు. కానీ ఏ పని ఎవరి ఒంటికి తగుతుందని బడి తీర్మానిస్తోందో అక్కడ కనిపిస్తుంది.

ఇంకొకటి. ఒకే హౌస్ అబ్బాయీ అమ్మాయీ చార్ట్ పేపర్ల కోసమో, డిబేట్ కోసమో కలిసి కూర్చుంటే టీచర్లకు కంగారు. ఆ కంగారు అందరి మీదా ఒకేలా ఉండదు. ఎవరు ఎవరితో కూర్చున్నారు అన్నదాన్ని బట్టి కొందరికి మందలింపు, కొందరి ఇళ్ళకు ఫోను. 1936లోనే అంబేడ్కర్ చెప్పారు కదా, కలిసి తినడంతో కులం పోదు, కులాంతర వివాహమే దానికి మందు అని. ఆ మందు భయం పెళ్ళి వయసుకు చాలా ముందే, ఎనిమిదో తరగతి హౌస్ మీటింగులోనే మొదలవుతుంది. పిల్లలు కలవడం వల్ల చదువు చెడుతుందని వీళ్ళకు బెంగ లేదు. రెండు ఇంటిపేర్లూ చిక్కుపడతాయని బెంగ.

ఇవన్నీ చిన్న విషయాలు, పట్టించుకోవడం ఎందుకు అనేవాళ్ళకు ఒక లెక్క చెబుతాను. 2013 నుంచి 2017 వరకు ఐదేళ్ళలో నవోదయల్లో 49 మంది పిల్లలు ఆత్మహత్య చేసుకున్నారు. అందులో దాదాపు సగం దళిత, ఆదివాసీ పిల్లలు. 2018 చివర్లో ఇది పత్రికలకెక్కాక జాతీయ మానవ హక్కుల కమిషన్ కేంద్రానికి నోటీసు ఇచ్చింది. నవోదయల్లో మన పిల్లల సంఖ్యే ఎక్కువ కాబట్టి ఆ సగంలో వింతేముంది అని వాదించేవాళ్ళున్నారు. శాతాల దగ్గర ఆగిపోయేవాళ్ళతో నేను వాదించను. ప్రతి చావుకూ కులమే కారణమని కూడా నేను అనను. ఆ వయసు, ఇంటి మీద బెంగ, పరీక్షలు, ఏ ఒక్కటీ చిన్నది కాదు. నేను అడిగేది ఒక్కటే. పదకొండేళ్ళ పిల్లకు రాత్రి తొమ్మిదింటికి గుండెలో బరువుగా ఉంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? జవాబు: హౌస్ మాస్టర్. ఆయన పగలంతా పాఠం చెప్పి, కాపీలు దిద్ది, మెస్ చూసి, రాత్రి హాజరు తీసుకునే మనిషి. హౌస్ మాస్టర్ అన్నది అదనపు డ్యూటీ. హౌస్ అనే మాటలో ఉన్న తల్లీతండ్రీ పని అంతా ఒక అలసిపోయిన లెక్కల సార్ నెత్తిన పెట్టారు. అందుకే వేరుగా వార్డెన్లు కావాలని, కౌన్సెలర్లు కావాలని టీచర్లు అడిగితే మనమూ వాళ్ళతో గొంతు కలపాలి. ఇందులో వాళ్ళు మనకు ఎదురుపక్షం కాదు.

మరి మన హాస్టళ్ళు మనకుంటే చాలు కదా, ఈ కలగలుపు ఎందుకు అని మనలోనే ఒక వాదన ఉంది. దానికి గట్టి పునాదే ఉంది. కొల్హాపూర్‌లో శాహూ మహారాజ్ 1901 నుంచి కులాలకు విడివిడిగా హాస్టళ్ళు పెట్టించాడు. అంబేడ్కర్ బహిష్కృత హితకారిణి సభ 1925లో సోలాపూర్‌లో మన పిల్లలకు హాస్టల్ తెరిచింది. మనది అన్న చోటు లేకపోతే మన తరం చదువుకునేదే కాదు. నేను ఆ హాస్టళ్ళను ఒక్కటి కూడా మూయమనను. కానీ హాస్టల్ ఇచ్చింది ధైర్యం. ఎదుటివాడి పక్కన మంచం వేసుకుని, వాడి జట్టుకు కెప్టెన్‌వై, వాడికి చీపురు డ్యూటీ వెయ్యడం హాస్టల్‌లో నేర్చుకోలేం. అది వాళ్ళకూ నేర్పాలి. అందుకు కలిసిన ఇల్లు కావాలి.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, తెలంగాణలో ప్రభుత్వం యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులాలు కడుతోంది. 2024 అక్టోబరులో శంకుస్థాపనలు చేశారు. ఇన్నాళ్ళూ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలు వేటికవే సొసైటీలుగా, వేర్వేరు భవనాల్లో ఉన్నాయి. ఇప్పుడు వాటిని పాతికెకరాల్లో ఒకే చోటికి తెస్తామంటున్నారు. వినడానికి బాగుంది. అయితే ఒక్క గేటు లోపల ఏ పిల్ల ఏ బ్లాకులో పడుకుంటుంది? సొసైటీని బట్టి బ్లాకు ఇస్తే అది ఎస్సీ బ్లాకు, బీసీ బ్లాకు, మైనారిటీ బ్లాకు అవుతుంది. ఊళ్ళో వాడలు ఉన్నట్టే. మధ్యలో రోడ్డు కాస్త వెడల్పుగా ఉంటుందేమో. మేయో కాలేజీలో జైపూర్ హౌస్ ఉన్నట్టు మన దగ్గర ఎస్సీ సొసైటీ హౌస్ ఉంటుంది. పేరు గోదావరి అని పెట్టినా పిల్లలు వారంలో కనిపెట్టేస్తారు. బతుకమ్మ రోజు ఏ బ్లాకు పూలు ఏ బ్లాకు పూల పక్కన పెడతారో చూస్తే చాలు.

కాబట్టి విద్యార్థి సంఘాల మిత్రులు ఈ బడులు తెరిచేలోపే అడగాల్సినవి ఉన్నాయి. హౌసూ మంచమూ చీటీ తీసి ఇవ్వాలి, తల్లిదండ్రుల ఎదురుగా. ఏ సొసైటీ ఫైలు నుంచి వచ్చినా సరే. శుభ్రం పని పిల్లలది కానే కాదు, బాత్రూములకు జీతమిచ్చి మనుషులను పెట్టాలి, వాళ్ళూ ఒకే కులం నుంచి రాకూడదు. పిల్లలు తమ గది తాము ఊడ్చుకోవడం మంచిదే, దానికి పేర్ల అక్షర క్రమంలో వంతులు వేసి గోడకు అంటించాలి, కెప్టెన్‌తో సహా. కెప్టెన్‌గిరీ నెలకొకరు. మైకు అమ్మాయికి, పళ్ళెం అబ్బాయికి కూడా. స్కాలర్‌షిప్ కోసం క్లాసులో పిల్లల్ని నిలబెట్టకూడదు. ఆ వివరాలు ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఇందులో బడ్జెట్ కావాల్సింది పారిశుద్ధ్య సిబ్బందికే. మిగతాదానికి ఒక సర్క్యులర్, దాన్ని పట్టించుకునే ప్రిన్సిపాల్ చాలు.

ఇప్పుడు నడుస్తున్న బడుల్లో చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక పని చెయ్యండి. మీ హౌస్ డ్యూటీ చార్టును నాలుగు వారాలు వరసగా నోటు పుస్తకంలో రాసుకోండి. పక్కన గత ఐదేళ్ళ కెప్టెన్ల పేర్లు. సీనియర్లను అడిగితే చెబుతారు. పేర్లు నాకు పంపొద్దు, ఎక్కడా పెట్టొద్దు, ఆ పిల్లలు ఇబ్బంది పడతారు. ఎవరు ఏ పని ఎన్నిసార్లు చేశారో లెక్క మాత్రం తీసి, మీ ప్రిన్సిపాల్ ముందు పెట్టి మాట్లాడండి. పేరెంట్స్ మీటింగుకు మీ అమ్మను కూడా తీసుకెళ్ళండి. శివాలిక్ పిల్ల వాళ్ళమ్మకు నేను ఇదే చెప్పాను, నెలకోసారి వెళ్ళినప్పుడు బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి ఊరికే రావద్దు, గోడ మీద ఏం రాసుందో పిల్ల చేత చదివించుకోమని. ఆమెకు అక్షరాలు రావు. "నేను చదువకున్నా నా బిడ్డ పేరు గుర్తువడత" అంది.

వచ్చే భాగం మెస్ గురించి. గుడ్డు, గొడ్డు మాంసం, వారానికి రెండుసార్లు పప్పు నీళ్ళు.